డిచ్‌పల్లికి వచ్చిన డాక్టరమ్మ

డిచ్‌పల్లి అనగానే మనకు గుట్ట మీది రామాలయమో, తెలంగాణ విశ్వవిద్యాలయమో గుర్తుకొస్తుంది. కుష్ఠు వ్యాధి చరిత్ర తెలిసినవాళ్లకు మాత్రం అది 1915లో విక్టోరియా ఆసుపత్రి వెలిసిన చోటు. ఈ జబ్బు కథలో నార్వేలోని బెర్గెన్‌కూ జెరూసలేంకూ ఎంత చోటుందో మన డిచ్‌పల్లికీ అంత ఉందని నా గట్టి నమ్మకం.

ఇసబెల్ కెర్ స్కాట్లాండ్‌లో 1875లో పుట్టారు. ఆడపిల్ల డాక్టరు కావడమే అరుదైన ఆ రోజుల్లో, 1903లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా అందుకున్నారు. ఆమె భర్త జార్జ్ కెర్ మెథడిస్టు మిషనరీ. ఇద్దరూ 1907లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. అప్పటికి ఇందూరు పేరు నిజామాబాద్‌గా మారి ఎన్నో ఏళ్లు కాలేదు. నిజాంసాగర్ లేదు, దాని కాలువ లేదు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మాటే లేదు. నిజామాబాద్‌లో వైద్యం చేస్తుంటే ఆమె దగ్గరికి కుష్ఠు రోగులు రావడం మొదలైంది. ఊళ్లో చోటు చాలకపోయింది. డిచ్‌పల్లిలో ఆసుపత్రి కట్టడానికి పెద్ద మొత్తం ఇచ్చి ఆదుకున్నది రాజా నర్సాగౌడ్. క్రైస్తవ మిషన్ ఆసుపత్రికి, అందులోనూ ఎవరూ దగ్గరికి రానివ్వని రోగుల కోసం, ఒక హిందూ దాత సొమ్ము ఇచ్చాడు. కెర్ దంపతుల పేరు తలచినప్పుడల్లా ఆయన పేరూ తలవాలి.

ఈ రోగమంటే ఉన్న భయం చాలా పాతది. యూదుల ధర్మశాస్త్రంలో, లేవీయకాండం 13వ అధ్యాయంలో, చర్మం మీద మచ్చను యాజకుడు పరీక్షించి, అపవిత్రుడని తేలినవాణ్ని పాళెం వెలుపల ఉంచాలన్న విధి ఉంది. అది నేటి కుష్ఠే అని పండితులు ఒప్పుకోరు. అయినా యూరప్ శతాబ్దాల పాటు ఆ మాటల వెలుగులోనే రోగులను ఊరి బయట పెట్టింది. బెర్గెన్‌లో హాన్సెన్ 1873లో ఈ వ్యాధికి కారణమైన క్రిమిని కనిపెట్టాక కూడా వెలి ఆగలేదు. మన దేశంలో 1898 నాటి చట్టమైతే బిచ్చమెత్తుకునే కుష్ఠు రోగులను పట్టి ఆశ్రమాల్లో పెట్టమంది.

డిచ్‌పల్లి ఇక్కడే దారి మార్చింది. రోగిని దాచిపెట్టే చోటుగా కాక, బాగుచేసి ఇంటికి పంపే చోటుగా దాన్ని నడపాలన్నది ఇసబెల్ పట్టుదల. మన వైద్యులు పూర్వం నుంచీ వాడిన తువరక జాతి గింజల నూనె అప్పటికున్న మందు. మింగితే కడుపులో తిప్పి వాంతులయ్యేవి. కలకత్తా ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఎర్నెస్ట్ మ్యూర్ ఆ నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని మెరుగుపరుస్తుంటే, ఇసబెల్ దాన్ని డిచ్‌పల్లికి తెచ్చారు. సూది పోటు బాధ ఓర్చుకుని వారాల తరబడి, నెలల తరబడి రోగులు నిలబడ్డారు. ముదిరిన రోగానికి ఆ నూనె గొప్ప మందేమీ కాదు. కానీ తొందరగా వస్తే మేలు జరుగుతుందన్న ఆశ, దాక్కున్న మనిషిని ఆసుపత్రి మెట్టు ఎక్కించింది. నన్నడిగితే ఆమె చేసిన అసలు వైద్యం అదే. 1923లో ఆమెకు కైజర్-ఎ-హింద్ పతకం వచ్చింది. నిజాంసాగర్ పని మొదలైంది కూడా ఆ ఏడాదే. 1931లో ఆనకట్ట పూర్తయింది, మరుసటి ఏడాది ఆమె కన్నుమూశారు.

నికరంగా పనిచేసే డాప్సోన్ అనే మందు 1940లలో గానీ రాలేదు. 1964లో జెరూసలేంలో యూదు వైద్యుడు జేకబ్ షెస్కిన్, కుష్ఠు రోగులకు వచ్చే తీవ్రమైన నొప్పుల దశకు థాలిడోమైడ్ పనిచేస్తుందని గమనించాడు. గర్భంలోని పిల్లలను వికలాంగులను చేసిందని యూరప్ అంతకు మూడేళ్ల ముందే వెలివేసిన మందు అది.

ఇటు మన దగ్గర నిజాంసాగర్ నీళ్లతో బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది. చెరుకు ఆకు అంచు చెయ్యి కోస్తుంది, నరికిన మోడు కాలికి గుచ్చుకుంటుంది. కుష్ఠుతో స్పర్శ పోయిన మనిషికి ఆ గాయం తెలియదు. పుండు ముదిరి వేళ్లు పోయేది ఇలాగే, రోగమే వేళ్లను తినేయదు.

1898 చట్టం 2016లో రద్దయింది. కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు 2019లో తీసేశారు. ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా ఇప్పటికీ మన దేశంలోవే. ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ కనిపిస్తే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చూపించండి. మందు ఉచితం. ఆరు నెలలు, రకాన్ని బట్టి ఏడాది వాడాలి. ఇంట్లోవాళ్లతో కలిసి తింటూ, పనికి వెళ్తూనే వాడొచ్చు.