పాత ఎయిర్ కంప్రెసర్ ట్యాంకును నీటితోనే ఎందుకు పరీక్షిస్తారు?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు పంక్చర్ షాపుల్లో టైర్లకు గాలి నింపే చిన్న యంత్రమైనా, పులివెందుల ప్రాంతపు చీనీ తోటల్లో పూడిన బోర్లను శుభ్రం చేసే పెద్ద యంత్రమైనా, ఎయిర్ కంప్రెసర్ చేసే పని గాలిని నొక్కి పంపడమే. చిన్న యంత్రంలో పిస్టన్ గాలిని పీల్చి ట్యాంకులోకి నెడుతుంది. వెళ్లిన గాలి వెనక్కి రాకుండా వాల్వు అనే ఏకముఖ ద్వారం అడ్డుకుంటుంది. మూలన పడేసిన కంప్రెసర్‌లో గాలి నిండకపోతే, సాధారణంగా వాల్వు పలకలో గానీ పిస్టన్ రింగుల్లో గానీ అరుగుదల ఉంటుంది, వాటిని మార్చుకోవచ్చు.

అసలు ప్రమాదం ట్యాంకులో దాగి ఉంటుంది. నొక్కినప్పుడు వేడెక్కిన గాలి ట్యాంకులో చల్లారగానే, అందులోని తేమ నీరుగా మారి అడుగున చేరి, ఇనుమును లోపలి నుంచే తుప్పు పట్టించి పలుచన చేస్తుంది కనుక, పైరంగును చూసి దాని బలాన్ని అంచనా వేయడం సాధ్యం కాదు.

అందుకే నిపుణులు ట్యాంకును నీటితో నింపి, వాడుకలోని పీడనం కంటే ఎక్కువ పీడనంతో పరీక్షిస్తారు. పీడనం అంటే నిర్ణీత వైశాల్యంపై పడే బలం. గాలి స్ప్రింగులా కుదించుకొని శక్తిని దాచుకుంటుంది కనుక ట్యాంకు చిట్లితే పేలుతుంది. నీరు దాదాపుగా కుదించుకోదు కనుక, పగులు ఏర్పడగానే నీరు కారి పీడనం వెంటనే పడిపోతుంది.

తుప్పుతో చిల్లుపడిన ట్యాంకుకు వెల్డింగు అతుకు వేయక, కొత్తది అమర్చాలి. పిల్లలు ఈ పనిని స్వయంగా చేయకుండా, అనుభవజ్ఞుల దగ్గర చూసి నేర్చుకోవాలి.