భాషావంశ పటములలో వక్రబాణములు

భాషావంశమును తెరపై చూపునపుడు జన్యసంబంధమునకును ఆదానమునకును ఒకే గీతను వాడుట తగదు. తెలుగు సంస్కృతజన్యము కాదని 1816లో ఎల్లిస్ చూపెను. 1856లో కాల్డ్వెల్ తన తులనాత్మక వ్యాకరణమున ద్రావిడ భాషల ఏకకుటుంబత్వమును విస్తరించి స్థాపించెను. ఐనను సంస్కృతమునుండి తెలుగునకు వంశరేఖవలె నిలువుగీత గీచినచో, తత్సమముల రాకయే భాష పుట్టుకయను భ్రమ కలుగును. కావున వంశమునకు సరళరేఖను, ఆదానమునకు వక్రబాణమును నియమించుట మేలు.

పవర్‌పాయింటులో 'ఇన్సర్ట్' నుండి 'షేప్స్' తెరచి, గీతల వరుసలో వంపుబాణపు కనెక్టరును ఎన్నుకొనవలెను. 'సంస్కృతము' అను గడిని సమీపింపగనే దాని అంచున చిన్న చుక్కలు కనబడును. ఒక చుక్కనుండి 'తెలుగు' గడి చుక్కవరకు లాగి విడువవలెను. బాణముపై కానవచ్చు పసుపుపచ్చని చుక్కను కదపినచో వంపు మారును.

ఇట్లు తగిలించిన బాణము, గడులను జరిపినను వానివెంట సాగును. 'కర్వ్' అను పరికరముతో విడిగా గీచినది అట్లు సాగదు. పటమును సవరించినపుడు పాతచోటనే నిలిచి వేరొక భాషను చూపవచ్చును. మొన ఎల్లప్పుడు గ్రహీతవైపే ఉండవలెను. తెలుగునుండి తమిళమునకు పోయిన పదములకు వేరొక బాణము కావలెను. పటమందలి ప్రతి బాణమును ఒక ప్రతిపాదనయే. ఆధారము చూపగలిగిననే దానిని గీయవలెను.