మీకు తెలుసా? చిన్న వైర్‌లెస్ కంపెనీ ముందు పెద్ద లెక్కలు

వికారాబాద్ దాటి తాండూరు వైపు వెళ్తుంటే అనంతగిరి కొండలు, కంది చేలు, నాపరాయి గనులు. ఊరికీ ఊరికీ మధ్య కిలోమీటర్ల దూరం. ఇలాంటి నేలకు బ్రాడ్‌బ్యాండ్ పరికరాలు చేద్దామనుకునే చిన్న కంపెనీ అన్నీ చేయలేదు. ఏది చేయాలో, ఏది వదిలేయాలో ముందే తేల్చుకోవాలి.

● దూరమా, వేగమా?
వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండంలో నౌకాదళ వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) రేడియో కేంద్రానికి 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. తిరునెల్వేలి తర్వాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. ఇలాంటి కేంద్రాల నుంచి వెళ్లే తరంగం పొడవు 10 నుంచి 100 కిలోమీటర్లు. సముద్రపు నీటిలోకీ కొంత లోతు దాకా చొరబడి జలాంతర్గామిని పలకరిస్తుంది. అయితే మోసేది కొద్దిపాటి సమాచారమే. వైఫై వాడే 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 6 సెంటీమీటర్లు. అది సినిమాలు మోస్తుంది కానీ కొండ అడ్డొస్తే ఆగిపోతుంది. కంపెనీ మొదటి నిర్ణయం ఇక్కడే: ఏ తరంగం మీద పని చేయాలి?

● లైసెన్స్ అక్కర్లేని గాలి
2018 అక్టోబరులో కేంద్రం 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్‌ను లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది. వేలంపాట లేదు, కోట్ల ఫీజు లేదు. కానీ ఆ తలుపు అందరికీ తెరిచే ఉంది. లాట్వియాకు చెందిన మైక్రోటిక్, అమెరికాకు చెందిన యుబిక్విటీ లాంటివి ఎప్పుడో పాతుకుపోయాయి. వాటితో ధరలో పోటీపడటం కొత్త కంపెనీకి తలకు మించిన పని.

● 1,732 మీటర్లా, 6 కిలోమీటర్లా?
మరో దారి 5జీ. ఆ ప్రమాణాలకు అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం (ఐటీయూ) పెట్టిన పల్లె పరీక్షల్లో రెండింట్లో టవర్ల మధ్య దూరం 1,732 మీటర్లే. కార్ల వేగం గంటకు 120 కిలోమీటర్లు. మన పల్లెలకు ఇది సరిపోదని భారత్ పట్టుబట్టడంతో 6 కిలోమీటర్ల పరీక్షా చేరింది. అందులో మనుషులు నడుస్తారు, కార్లు 30 దాటవు. దూరం మూడున్నర రెట్లయితే ఒక్కో టవర్ కిందికి వచ్చే విస్తీర్ణం 12 రెట్లవుతుంది.

● చిక్కంతా ఫోన్ గొంతులోనే
టవర్ పదుల వాట్లతో ప్రసారం చేస్తుంది, మామూలు ఫోన్ శక్తి 0.2 వాట్. మైకులో చెప్పినవాడి మాట ఊరంతా వినిపిస్తుంది కానీ అరుగు మీద నుంచి బదులిచ్చేవాడి గొంతు వీధి దాటదు. వికారాబాద్ పక్కనే సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ప్రొఫెసర్ కిరణ్ కూచి బృందం పట్టుకున్నది ఈ చిక్కునే. సంకేతం ఎగుడుదిగుడులు తగ్గిస్తే ఫోన్‌లోని యాంప్లిఫయర్ పూర్తి బలంతో పనిచేయగలదు, శక్తి 0.4 వాట్ దాకా వెళ్లగలదు. ఇలాంటి పద్ధతికి 5జీ తొలి ప్రమాణంలోనే చోటు దక్కింది.

● సొంత జెండా ఎందుకు దించారు?
ఈ పద్ధతిని తప్పనిసరి చేస్తూ భారత్ రూపొందించిన ‘5జీఐ’ని 2021 ఫిబ్రవరిలో ఐటీయూ ఆమోదించింది. వేరే ప్రమాణమైతే ఫోన్లు, పరికరాల ధరలు పెరుగుతాయని మన టెలికాం కంపెనీలే అడ్డుచెప్పాయి. అదే ఏడాది డిసెంబరులో దాన్ని ప్రపంచ 5జీ ప్రమాణపు 17వ కూర్పు (రిలీజ్ 17)లో కలపడానికి ఒప్పందం కుదిరింది. చిన్న కంపెనీకి ఇందులో నష్టమేమీ లేదు. ఒక్క దేశానికే సరిపోయే పరికరం కంటే అన్ని దేశాల్లో అమ్ముడుపోయే పరికరంలో తన ముక్క ఉండటమే మేలు.

● చిప్ మనది, తయారీ మరొకరిది
ఐఐటీ హైదరాబాద్‌లో పుట్టిన వైసిగ్ నెట్‌వర్క్స్, హైదరాబాద్ కంపెనీ సైయెంట్‌తో కలిసి 2021లో ‘కోఆలా’ అనే ఎన్‌బీ-ఐఓటీ (వస్తువులను నెట్‌కు కలిపే) చిప్‌ను ముందుకు తెచ్చింది. దీనికి 180 కిలోహెర్ట్జ్ వెడల్పు చాలు. నీటి మీటర్లు, పొలంలో తేమ కొలిచే పరికరాల్లాంటి వాటికి పనికొస్తుంది. డిజైన్ తన దగ్గరే ఉంచుకుని, భారీ తయారీ బరువును పెద్ద భాగస్వామితో పంచుకునే దారి ఇది.

● పూచీ ఎవరిది?
అసలు పరీక్ష అమ్మకంలోనే. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీలో లక్ష సైట్ల పని టీసీఎస్, తేజస్, సీ-డాట్‌ల కూటమికి వెళ్లింది. ఏళ్ల తరబడి అన్ని సైట్లకు పూచీ పడటం చిన్న సంస్థకు అయ్యే పని కాదు. బెంగళూరు సంస్థ తేజస్ కూడా 2021లో టాటాల గూటికి చేరింది, ఆ మరుసటి ఏడాది చిప్ కంపెనీ సాంఖ్య ల్యాబ్స్‌లో మెజారిటీ వాటా కొంది. టెలికాం పరికరాల కోసం రూ. 12,195 కోట్లతో వచ్చిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక (పీఎల్‌ఐ) పథకంలో పెద్ద కంపెనీల కనీస పెట్టుబడి రూ. 100 కోట్లయితే, చిన్నవాటికి రూ. 10 కోట్లు చాలన్నారు. 2022 జూన్‌లో దేశంలోనే డిజైన్ చేసిన పరికరాలకు అదనంగా మరో 1 శాతం ప్రోత్సాహకం కలిపారు. కాబట్టి పెట్టె బిగించే కంపెనీ కంటే పెట్టెలో ఏముండాలో గీసే కంపెనీకే ఆ ఒక్క శాతం ఎక్కువ ముడుతుంది.