అరిగిన గొలుసుకు ఆయుష్షు

పాత చైన్ ట్రాక్టరు కొనబోయేవాళ్లకు చెయ్యి తిరిగిన మెకానిక్కులు చెప్పే మొదటి మాట ఒకటే: ఇంజను తర్వాత, ముందు గొలుసు చూడండి. ఇంజను మొండికేస్తే లైనర్లు, పిస్టన్లు, రింగులు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి, దొరక్కపోతే చేయించుకోవచ్చు. గొలుసు పూర్తిగా అరిగిపోతే మాత్రం దాన్ని బాగుచేయించే ఖర్చు బండి కొన్న ధరను దాటిపోయినా ఆశ్చర్యం లేదు. టైర్లకు బదులు ఇనుప గొలుసుల మీద నడిచే ఈ యంత్రానికి బతికినంత కాలం అయ్యే మరమ్మతు ఖర్చులో దాదాపు సగం, నేలను తాకే ఆ కింది భాగమే తినేస్తుంది.

మరి అరిగిన ఇనుప ముక్కను చూపించి "ఇలాంటిది ఇంకోటి కావాలి" అని అడిగితే, చేసిచ్చేవాళ్లు ఎక్కడున్నారు? మన దేశంలో ఆ ప్రశ్నకు పాత జవాబుల్లో ఒకటి హౌరా. అందులోనూ టికియాపారా, దాన్ని ఆనుకుని సాగే బెలిలియస్ రోడ్డు. సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు హౌరాలో దిగబోయే ముందు దాటే ఆఖరి స్టేషను ఇదే. గొలుసు ట్రాక్టరు పుట్టింది ఇక్కడికి భూగోళం అవతల. అయినా ఈ పేట దాని కథకు పరాయిది కాదు.

బురద నేర్పిన నడక

అమెరికాలోని కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ పట్టణం చుట్టూ ఉన్న డెల్టా నేల నల్లగా, సారవంతంగా, మెత్తగా ఉంటుంది. పంటకు అంతకంటే మంచి నేల లేదు, ఆవిరి ట్రాక్టరుకు అంతకంటే చెడ్డ నేలా లేదు. టన్నుల కొద్దీ బరువున్న బండి ఆ నేలలో ఇరుసుదాకా కూరుకుపోయేది. బెంజమిన్ హోల్ట్ అనే యంత్రాల తయారీదారు ముందు అందరూ చేసే పనే చేశాడు, చక్రాల వెడల్పు పెంచాడు. అలా పెంచుకుంటూ పోతే బండి మొత్తం వెడల్పు 14 మీటర్ల దాకా వచ్చింది. అంత వెడల్పున్న బండి ఏ దారిలో నడుస్తుంది, ఏ మలుపు తిరుగుతుంది?

దాంతో చక్రాన్ని పెంచడం మానేసి, దాన్ని తీసి పక్కన పెట్టాడు. వెనక చక్రాల స్థానంలో చెక్క పలకలు బిగించిన గొలుసులు అమర్చి, 1904 నవంబరు 24న పొలంలో నడిపించాడు. బండి దిగబడలేదు. ఆ గొలుసుల కదలికను చూసిన ఫొటోగ్రాఫర్ చార్లెస్ క్లెమెంట్స్ గొంగళిపురుగు పాకినట్టుందన్నాడు. ఆ మాట హోల్ట్‌కు నచ్చింది. 1910లో 'క్యాటర్‌పిల్లర్' పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నాడు.

ఈ ఘనతంతా హోల్ట్ ఒక్కడికే కట్టబెట్టడం న్యాయం కాదు. అమెరికాలోనే మెయిన్ రాష్ట్రంలో ఆల్విన్ లాంబార్డ్ 1901లోనే మంచు మీద దుంగలు లాగే గొలుసు బండికి పేటెంటు తీసుకున్నాడు. ఇంగ్లండులో గ్రాంథమ్ పట్టణానికి చెందిన హార్న్స్‌బీ కంపెనీలో డేవిడ్ రాబర్ట్స్ అనే ఇంజనీరు హోల్ట్ కాలంలోనే సొంతంగా గొలుసు బండి తయారుచేశాడు. ఆ పేటెంటు హక్కుల్ని తర్వాత హోల్ట్ కంపెనీయే కొనుక్కుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగులు లాగిన హోల్ట్ ట్రాక్టర్లను చూశాకే కొందరు బ్రిటిష్ అధికారులకు యుద్ధ ట్యాంకు ఆలోచన బలపడింది. 1925లో హోల్ట్ కంపెనీ, దాని పోటీదారైన బెస్ట్ కంపెనీ కలిసి క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్ కంపెనీగా మారాయి. 1931లో ఆ కంపెనీ డీజిల్ ఇంజను బిగించిన గొలుసు ట్రాక్టరును బయటికి తెచ్చింది.

గొలుసు చేసే మేలును చిన్న లెక్కతో చూడొచ్చు. 10 టన్నుల ట్రాక్టరుకు రెండు పక్కలా 40 సెంటీమీటర్ల వెడల్పు గొలుసులు ఉన్నాయనుకుందాం. ఒక్కోటి 2 మీటర్ల పొడవున నేలను తాకుతుంది. మొత్తం 16,000 చదరపు సెంటీమీటర్ల మీద 10,000 కిలోల బరువు పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 0.6 కిలోలు. 65 కిలోల మనిషి నడుస్తూ ఒంటికాలి మీద ఉన్న క్షణంలో అతని పాదం కింద పడే ఒత్తిడి 0.4 కిలోలకు అటూ ఇటూగా ఉంటుంది. మనిషి నడవగల చోట ఈ ఇనుప కొండ కూడా దాదాపుగా నడవగలదు.

యుద్ధం నుంచి పొలానికి

మన దేశానికి ఈ యంత్రాలు పెద్ద సంఖ్యలో వచ్చింది పొలం కోసం కాదు, యుద్ధం కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ బర్మాను ఆక్రమించి చైనాకు భూమార్గం మూసేసింది. అప్పుడు అస్సాంలోని లేడో నుంచి కొండలు, అడవులు కోసుకుంటూ కొత్త దారి వేసే పనిని అమెరికన్ సైన్యం 1942 డిసెంబరులో మొదలుపెట్టింది. వానలు, మలేరియా, విరిగిపడే కొండచరియల మధ్య ముందు నడిచింది బుల్‌డోజర్లే. 1945 ఫిబ్రవరి 4న మొదటి లారీల వరస చైనాలోని కున్‌మింగ్ చేరింది. ఈ రంగానికి వెళ్లే సామగ్రికి కలకత్తా రేవు ముఖ్యమైన వాకిలి. క్యాటర్‌పిల్లర్ యంత్రాలు అమ్మి, వాటి మరమ్మతులు చూసుకునే ట్రాక్టర్స్ ఇండియా కంపెనీ 1944లో కలకత్తాలోనే మొదలైంది.

యుద్ధం ముగిశాక సైన్యం వదిలి వెళ్లిన ట్రాక్టర్లతో 1947లో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్‌ను ఏర్పాటు చేసింది. దాని ముందున్న శత్రువు రెల్లుగడ్డి. మధ్య భారతంలో లక్షల ఎకరాల నల్లరేగడిని ఆ గడ్డి కమ్మేసింది. దాని వేరుదుంపలు లోతుగా పాకి ఉండటంతో ఎద్దుల నాగలికి లొంగలేదు. పైపైన తెగిన ముక్కలు మళ్లీ మొలిచేవి. గొలుసు ట్రాక్టరు భారీ నాగలిని లోతుగా దింపి, వేరుదుంపలను పెళ్లగించి ఎండాకాలపు సూర్యుడికి అప్పగించేది. ఎండే వాటిని చంపేది. ఈ పనికి మరిన్ని కొత్త ట్రాక్టర్లు కొనడానికి ప్రపంచ బ్యాంకు 1949లో కోటి డాలర్ల అప్పు ఇచ్చింది. మన దేశం ఆ బ్యాంకు దగ్గర తీసుకున్న తొలి అప్పుల్లో అదొకటి.

తర్వాత 1964లో బెంగళూరులో భారత్ ఎర్త్ మూవర్స్ ఏర్పడింది. జపాన్‌కు చెందిన కొమాట్సు సాంకేతిక సహకారంతో డోజర్లు ఇక్కడే తయారయ్యాయి. కోలార్ బంగారు గనుల ఊళ్లో ఆ సంస్థ పెద్ద కర్మాగారం పెట్టింది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో పనిచేసినవాళ్లకు ఈ డోజర్లను కొత్తగా పరిచయం చెయ్యనక్కర్లేదు.

షెడ్డులో బండి విప్పితే

ఇలాంటి పాత బండిని ఇంటి వెనక షెడ్డులో పెట్టుకుని బతికించాలనుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. ఏళ్ల తరబడి వానకు తడిసిన ట్రాక్టరులో మూడు జబ్బులు మామూలుగా కనిపిస్తాయి.

మొదటిది ఇంజను పట్టేయడం. సిలిండర్లలోకి తేమ చేరి రింగులు తుప్పుతో లైనర్లకు అతుక్కుంటాయి. ఇక్కడ బలం పనికిరాదు. ఇంజెక్టర్లు విప్పి డీజిలూ నూనే కలిపి పోసి, రోజుల తరబడి నాననివ్వాలి. తర్వాత ఫ్లైవీలును గడ్డపారతో కొద్దికొద్దిగా ముందుకూ వెనక్కూ కదిలించాలి. తొందరపడి ఇంకో బండికి కట్టి లాగితే కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

రెండోది స్టీరింగ్ క్లచ్చులు. ఈ బండికి తిప్పడానికి ముందు చక్రాలుండవు. ఎడమకు తిరగాలంటే ఎడమ గొలుసుకు శక్తి ఆపి, బ్రేకు తొక్కాలి. ఆ శక్తిని ఆపేవి వరసగా పేర్చిన పలుచని క్లచ్ ప్లేట్లు. తుప్పుపట్టి అవన్నీ ఒకదానికొకటి అంటుకుంటే బండి ముందుకు పోతుంది తప్ప తిరగదు. విప్పి, ఒక్కో ప్లేటునూ శుభ్రం చేసి, వంకరపోయినవి మార్చాల్సిందే.

మూడోది, అన్నిటికంటే ఖరీదైనది గొలుసు. అందులో ఒక్కో లింకును పక్క లింకుతో కలిపేవి ఒక పిన్ను, దాని మీద తిరిగే బుష్షు. మట్టి, ఇసుక చేరి ఈ రెండూ అరుగుతాయి. 36 లింకులున్న గొలుసులో ఒక్కో కీలు దగ్గర 2 మిల్లీమీటర్లు అరిగితే గొలుసు మొత్తం 72 మిల్లీమీటర్లు సాగుతుంది. గొలుసును నడిపే పళ్ల చక్రం (స్ప్రాకెట్) పళ్ల మధ్య దూరం మాత్రం మారదు. దాంతో బుష్షులు పళ్ల మొదట్లో కూర్చోకుండా పైపైకి ఎక్కుతూ, తమతోపాటు పళ్లనూ కోసేస్తాయి. ఒకచోట మొదలైన అరుగుదల ఇలా కింది భాగం మొత్తానికీ అంటుకుంటుంది.

అయితే లాగుడు ఎప్పుడూ ఒకే వైపు పడుతుంది కాబట్టి పిన్నూ బుష్షూ కూడా ఒక పక్కే ఎక్కువ అరుగుతాయి. సకాలంలో గొలుసు విప్పి వాటిని సగం చుట్టు తిప్పి బిగిస్తే అరగని పక్క పనిలోకి వస్తుంది, రెండో జీవితం మొదలవుతుంది. పిన్నులు లింకుల్లో బలంగా బిగుసుకుని ఉంటాయి. వాటిని తొయ్యడానికి పదుల టన్నుల హైడ్రాలిక్ ప్రెస్సు కావాలి. సొంత షెడ్డుల్లో పనిచేసేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకోటి ఉంది. గొలుసును బిగుతుగా ఉంచే రికాయిల్ స్ప్రింగులో టన్నుల కొద్దీ బలం బందీగా ఉంటుంది. సరైన పనిముట్లు లేకుండా దాని బోల్టు వదులుచేస్తే ప్రాణం పోతుంది.

టికియాపారా పనితనం

తిప్పడానికీ వీల్లేనంతగా అరిగితే కొత్త పిన్నులు, బుష్షులు కావాలి. బండి తయారీ ఆగిపోయి దశాబ్దాలయితే షోరూములో అవి దొరకవు. టికియాపారాలాంటి పేట అక్కరకొచ్చేది అప్పుడే.

హౌరాను ఒకప్పుడు తూర్పు దేశపు షెఫీల్డ్ అనేవారు. బర్న్ కంపెనీలాంటి పెద్ద కర్మాగారాల చుట్టూ, జనపనార మిల్లుల చుట్టూ, రైల్వే చుట్టూ వందలాది చిన్న ఫౌండ్రీలు, లేత్ షెడ్లు పుట్టాయి. హౌరా నుంచి బయల్దేరితే టికియాపారా తర్వాతి స్టేషను దాస్‌నగర్. ఆలమోహన్ దాస్ ఇండియా మెషినరీ కంపెనీ పెట్టి తూకం యంత్రాలు, లేత్‌లు తయారుచేసింది అక్కడే. ఒక గదిలో రెండు లేత్‌లు, పక్క గదిలో షేపర్, ఎదురు సందులో మిల్లింగ్, ఇంకో వీధిలో పోత. ఒక షెడ్డులో అన్ని యంత్రాలూ ఉండవు, కానీ పేట మొత్తం కలిస్తే ఒక ఫ్యాక్టరీ అవుతుంది. ఇక్కడ డ్రాయింగు తప్పనిసరి కాదు. అరిగిన ముక్కే నమూనా. అరగని అంచు దగ్గర మైక్రోమీటరు పెట్టి అసలు కొలత పట్టుకుంటారు.

కొలత సరిపోతే చాలదు, లోహమూ సరిపోవాలి. మెత్తటి ఇనుముతో చేసిన పిన్ను చూడటానికి కొత్తదానిలాగే ఉంటుంది, ఇసుకలో పడ్డాక త్వరగా అరిగిపోతుంది. పూర్తిగా గట్టి ఉక్కుతో చేస్తే రాయి తగిలిన దెబ్బకు విరుగుతుంది. అందుకని బుష్షుకు ఈఎన్-353 లాంటి తక్కువ కార్బన్ ఉక్కు తీసుకుని లేత్ మీద తిప్పాక, కార్బన్ అందేలా 900 డిగ్రీల సెల్సియస్‌కు పైగా గంటల తరబడి వేడిచేస్తారు. పై పొరలోకి మిల్లీమీటరో రెండో కార్బన్ ఇంకుతుంది. నూనెలో ముంచి చల్లార్చితే ముక్క గారెలా తయారవుతుంది, పైన గట్టి, లోపల మెత్తన. పై పొర అరుగుదలకు నిలబడుతుంది, లోపలి భాగం దెబ్బ ఓర్చుకుంటుంది.

స్ప్రాకెట్ పాడైతే పోత పొయ్యాలి. కరిగిన ఉక్కు చల్లారేటప్పుడు దాదాపు 2 శాతం కుదించుకుపోతుంది. కాబట్టి 500 మిల్లీమీటర్ల చక్రం కావాలంటే చెక్క ప్యాటర్ను 510 మిల్లీమీటర్లకు చెక్కాలి. పోత ఇనుముకైతే 1 శాతం చాలు. ప్యాటర్ను మేస్త్రీ దగ్గర ఈ లెక్కలకు తగిన స్కేళ్లు వేరువేరుగా ఉంటాయి, వాటిలో సెంటీమీటరు మామూలు సెంటీమీటరు కంటే కాస్త పెద్దది.

ఈ పేట ఇప్పుడు మునుపటిలా లేదు. 1950ల నుంచి 1990ల మొదలుదాకా ఉక్కును దేశమంతటా ఒకే ధరకు అమ్మిన రవాణా సమీకరణ విధానం వల్ల, ఉక్కు కర్మాగారాలకు దగ్గరగా ఉండటమనే హౌరా లాభం పోయింది. 1960ల నడుమ రైల్వే ఆర్డర్లు తగ్గి ఇంకో దెబ్బ తగిలింది. కంప్యూటరుతో నడిచే యంత్రాలు వచ్చాక పాత లేత్ మీద కూర్చునే కుర్రాళ్లు తగ్గారు.

మళ్లీ స్టార్టయినప్పుడు

రెండో ప్రపంచ యుద్ధ కాలపు చాలా క్యాటర్‌పిల్లర్ ట్రాక్టర్లలో పెద్ద డీజిల్ ఇంజనును లేపడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజను ఉంటుంది. ముందు దాన్ని స్టార్ట్ చెయ్యాలి. దాని పొగగొట్టం డీజిల్ ఇంజనుకు వెళ్లే గాలిని వేడెక్కిస్తుంది, రెండిటికీ ఒకటే అయిన నీరు సిలిండర్లను వేడెక్కిస్తుంది. కంప్రెషన్ వదిలి పెద్ద ఇంజనును కాసేపు ఉత్తినే తిప్పి, ఆయిల్ ప్రెషర్ లేచాక కంప్రెషన్ ఇచ్చి, డీజిల్ తెరుస్తారు. బ్యాటరీ అక్కర్లేదు. అస్సాం కొండల చలిలోనైనా ఈ ఏర్పాటు పనిచేసేది.

రంగు వేసి గేటు ముందు నిలబెట్టడం పునరుద్ధరణ కాదు. బండి తన గొలుసు మీద తాను నడవాలి. మీ ఊళ్లో నీటిపారుదల శాఖ యార్డులోనో, చక్కెర ఫ్యాక్టరీ వెనకో, గని పక్కనో పాత గొలుసు ట్రాక్టరు తుప్పుపడుతుంటే, తుక్కుకు తూచే ముందు దాని నంబరు ప్లేటు ఫొటో తీసి ఉంచండి. గ్యాసు కట్టరుతో గొలుసు కొయ్యనివ్వకండి. దగ్గర్లోని ఐటీఐకో పాలిటెక్నిక్‌కో అడిగి ఇప్పించండి. అరిగిన పిన్నును కొలిచి, కొత్తది తిప్పి, గట్టిపరిచి బిగించిన విద్యార్థికి లోహశాస్త్రం మళ్లీ వేరుగా చెప్పాల్సిన పని ఉండదు.