నట్టు విప్పితే... బండంతా విప్పాల్సిందే!

'చిన్న పనే కదా' అనుకుంటూ పాత బండిని షెడ్డుకు తోసుకెళ్తాం. వారంలో అయిపోతుందనుకున్నది ఏడాది దాటుతుంది. వేలల్లో ఒకటి అనుకున్న ఖర్చు పదింతలవుతుంది. అయినా మధ్యలో వదిలేయలేం. ఎందుకలా? కర్నూలు, కడప మెకానిక్ షెడ్ల దగ్గర దొరికిన సమాధానాలివి.

''కార్బొరేటర్ కడిగి, ప్లగ్గు మార్చి, కొత్త కేబుళ్లు ఏస్తే చాలు సార్. నాలుగు వేలు పెట్టుకోండి. వచ్చే ఆదివారం తీస్కపోదురు'' అన్నాడు కర్నూలులో మా మెకానిక్.

ఆ 'వచ్చే ఆదివారం' రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. నాలుగు వేలు కాస్తా నలభై ఒక్క వేలయింది!

బండి మా నాన్నది. బజాజ్ చేతక్. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరుగానీ, అప్పట్లో స్కూటర్ కొనాలంటే చేతిలో డబ్బుంటే సరిపోయేది కాదు. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. అలా ఎదురుచూడగా 1986లో వచ్చిందది. ముందు నేను నిలబడి, వెనక అమ్మ, అమ్మ ఒళ్లో చెల్లి... నలుగురం ఆ బండిమీద కొండారెడ్డి బురుజు చుట్టూ తిరగని సాయంత్రం లేదు. మా ఇంట్లో అది బండి కాదు, ఐదో మనిషి!

2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ ఒక్కసారిగా పొంగి కర్నూలును ముంచేసిన రోజు. శ్రీశైలం జలాశయానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిన ఆ రోజుల్ని మా ఊళ్లో ఎవరూ మర్చిపోరు. మేం కట్టుబట్టలతో మేడెక్కాం. స్కూటర్ కిందే ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే హ్యాండిల్ దాకా బురద. నాన్న దాన్ని కడిగి, మెట్ల కింద పెట్టి, గోనెపట్టా కప్పాడు. 'ఇల్లు సర్దుకున్నాక చూద్దాం' అన్నాడు. ఇల్లు సర్దుకుంది. కొత్త బండి వచ్చింది. చేతక్ మాత్రం గోనెపట్టా కిందే ఉండిపోయింది.

డెబ్భై రెండేళ్లు వచ్చాక ఒకరోజు నాన్న ఉన్నట్టుండి అన్నాడు: ''ఒక్కతూరి స్టార్టయితే చాలురా!''

అదీ మొదలు.

'ఎటూ విప్పినాం కదా!'

కార్బొరేటర్ కడిగారు. ప్లగ్గు మార్చారు. కిక్కు కొడితే కదల్లేదు. పిస్టన్ బోరులో బిగుసుకుపోయింది. ప్లగ్గు రంధ్రంలోంచి డీజిల్ పోసి రెండు రోజులు ఉంచితే కదిలింది. కానీ హెడ్డు విప్పి చూస్తే వరద బురద చేసిన నిర్వాకం కనిపించింది. బోరు నిండా గీతలే! లేత్ దగ్గర బోరింగ్ చేయించి, ఓవర్‌సైజు పిస్టన్ వేయాలన్నారు.

''ఇంజిన్ ఎటూ దించినాం కదా సార్... క్రాంకు బేరింగులూ చూద్దాం'' అన్నాడు మెకానిక్.

నాపరాయి పలకమీద ఇంజిన్ ముక్కలన్నీ పరిచాడు. బేరింగులు తుప్పు. ఆయిల్ సీళ్లు గట్టిపడి చెక్కల్లా ఉన్నాయి. ఇవి మార్చడం అవసరమా అనిపిస్తుంది. అవసరమే. టూస్ట్రోక్ ఇంజిన్లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు క్రాంకు పెట్టెలోకి వెళ్లి, అక్కణ్నుంచి సిలిండర్లోకి చేరుతుంది. సీలు కారితే బయటి గాలి లోపలికి దూరుతుంది. పెట్రోలు పాలు, దాంతోపాటే ఆయిల్ పాలు తగ్గి ఇంజిన్ విపరీతంగా వేడెక్కుతుంది. కొత్త పిస్టన్ కూడా మళ్లీ పట్టేస్తుంది. అంటే... పదిహేను వందల పని కాపాడుకోవాలంటే ఇంకో పని చేయాల్సిందే!

ఆ తర్వాత కాళ్లకింది మ్యాటు ఎత్తారు. నేల కనిపించింది!

మోటార్‌సైకిల్‌కి ఇనుప గొట్టాల ఛాసిస్ వేరుగా ఉంటుంది. చేతక్‌కి అలా కాదు. పైన కనిపించే రేకే దాని ఎముకల గూడు. అందుకే కాళ్లకింద రేకు తుప్పుపడితే అది అందానికి సంబంధించిన సమస్య కాదు, ప్రాణానికి సంబంధించినది. రేకు కోసి, కొత్తది వెల్డింగ్ చేయాలి. వెల్డింగ్ చేశాక లప్పం పెట్టాలి. లప్పం పెట్టాక రంగు వేయాలి. రంగు వేశాక పాత సీటు వెలవెలబోతుంది...

గోడకు మేకు కొట్టబోయి ఇల్లంతా సున్నం వేయించుకోవడమంటే ఇదే!

ఎండ మంచే చేసింది... చెడూ చేసింది

పాత బండ్ల పిచ్చి ఉన్నవాళ్లకి రాయలసీమ మంచి వేటస్థలం. కారణం మన కరవు వాతావరణమే. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లలో రేకు త్వరగా తుప్పుపడుతుంది. గాలిలో తేమ తక్కువగా ఉండే ఆదోని, డోన్, పులివెందుల వైపు ఇరవై ఏళ్లు చెట్టుకింద ఉన్న బండి రేకు కూడా చాలావరకు గట్టిగానే ఉంటుంది. మా చేతక్‌ని ముంచింది వరదే తప్ప వాన కాదు.

అలాగని అంతా లాభమే అనుకోవద్దు. ఎండ ఇనుముని వదిలేసి మిగతావాటి పని పడుతుంది. టైర్లు పగుళ్లిస్తాయి. పెట్రోలు పైపులు, రబ్బరు బుష్షులు చేత్తో నలిపితే పొడవుతాయి. వైర్లమీది తొడుగు పెళుసైపోతుంది. పైకి చూస్తే బండి 'గట్టిగానే' ఉంటుంది. అందుకే కొన్నవాళ్లు మోసపోతారు. లెక్కలోకి రాని ఖర్చంతా ఈ రబ్బరు, వైరింగు దగ్గరే మొదలవుతుంది.

జీపు మారితే... పేరే మిగులుతుంది

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు వెళ్లే దారిలో వేపచెట్ల కింద ఇటుకల మీద నిలబెట్టిన జీపులు ఇప్పటికీ కనిపిస్తాయి. బస్సెళ్లని ఊళ్లకు ఒకప్పుడు జీపే దిక్కు. పెళ్లికూతురు, పురుటి మనిషి, వేరుశెనగ మూటలు... అన్నిటికీ అదే!

1945లో మొదలైన మహీంద్రా సంస్థ, 1947 నుంచి అమెరికా విల్లీస్ జీపుల్ని విడిభాగాలుగా తెప్పించి మనదేశంలో బిగించడం ప్రారంభించింది. బానెట్ ఎత్తుగా ఉండే సీజే3బీ మోడల్‌ని అమెరికాలో 1968లోనే ఆపేసినా మనదగ్గర ఆ తర్వాత కూడా చాలాకాలం తయారైంది. వాటిలో పెట్రోలు ఇంజిన్ ఉండేది. తాగుడు ఎక్కువ! అందుకే చాలామంది దాన్ని దించేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు.

కడపలో జీపుల పని చేసే ఓ పెద్దాయన ఈ 'ఎక్కించడం' సంగతి నవ్వుతూ చెప్పాడు. ''డీజిల్ ఇంజిన్ బరువు నాయనా. బరువు పెరిగితే ముందు పట్టీలు మార్చల్ల. అదురు ఎక్కువ కాబట్టి ఇంజిన్ కింద దిమ్మెలు మార్చల్ల. దానికి తగ్గ గేరుబాక్సు, రేడియేటరు, బ్యాటరీ... అన్నీ మారినాక చూస్తే నువ్వు తెచ్చిన జీపు యాడుంది? బానెట్టు మాత్రం ఉంటాది!''

అసలు చిక్కు అక్కడితో అయిపోదు. బండి తయారైనప్పటి స్వరూపాన్ని ఇష్టమొచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. పాడైన ఇంజిన్ స్థానంలో అదే రకం ఇంకోటి వేసుకోవాలన్నా రవాణా శాఖ అనుమతి ఉండాలి, ఆర్‌సీలో నమోదు కావాలి. లేదంటే లక్షలు పోసి చేయించిన జీపు రోడ్డెక్కలేదు.

రాజులబండికైనా, రైలుబండికైనా...

ఇది మనలాంటివాళ్ల తిప్పలే అనుకుంటే పొరపాటు. ఇంగ్లండులో 1923లో తయారైన 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఆవిరి ఇంజిన్ ప్రపంచ ప్రసిద్ధం. అక్కడి జాతీయ రైల్వే మ్యూజియం 2004లో దాన్ని కొని, 2006లో మరమ్మతు మొదలుపెట్టింది. విప్పేకొద్దీ పగుళ్లు, లోపాలు బయటపడుతూ వచ్చాయి. చివరికి అది మళ్లీ పట్టాలెక్కింది 2016లో! పదేళ్లు, 42 లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. నిపుణులున్న సంస్థకే లెక్క తప్పితే మన షెడ్డు మేస్త్రీని ఏమంటాం?

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం కుటుంబానికి చెందిన 1912 నాటి పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. సింహాసనంలాంటి సీటుతో ఊరేగింపుల కోసం చేయించిన కారు. అది రోడ్డుమీద తిరిగింది చాలా తక్కువ. మన బండ్లు అలా కాదు కదా... తిరిగి తిరిగి అరిగినవి!

రైల్వేవాళ్లకు ఈ విషయం బాగా తెలుసు. అందుకే పాడయ్యేదాకా ఆగరు. పెట్టెకు సగం వయసు వచ్చేసరికి పూర్తిగా విప్పి, తుప్పు పట్టిన రేకు కోసి, కొత్తగా తయారుచేస్తారు. భోపాల్‌లో అలాంటి వర్క్‌షాపు ఉంది. అటువంటిదే కర్నూలుకూ ఇస్తున్నట్టు 2013-14 రైల్వే బడ్జెట్‌లో ప్రకటించారు. విచిత్రం ఏమిటంటే, పాతవాటిని బాగుచేయాల్సిన ఆ వర్క్‌షాపు నిర్మాణమే ఏళ్ల తరబడి సాగింది!

అడగడం మానేశాడు

మళ్లీ మా చేతక్ దగ్గరికొద్దాం. తొమ్మిదో నెలకి ఇంజిన్ ఒక షెడ్డులో, బాడీ ఇంకో షెడ్డులో, సామాన్లు మా ఇంట్లో బియ్యపు బస్తా పక్కన ఉన్నాయి. ''ఆ డబ్బుతో కారే మిద్దె బాగు చేయించుకునేవాళ్లం'' అంది అమ్మ. అందులో తప్పేముంది? పాత ఇనప సామాన్లాయన మూడు వేలిస్తానన్నాడు. ఒకటి రెండుసార్లు ఇచ్చేద్దామనే అనిపించింది.

మొదట్లో రోజూ ''ఎంతవరకొచ్చిందిరా?'' అనేవాడు నాన్న. మధ్యలో ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత అడగడం మానేశాడు. నాకు ఖర్చు కంటే అదే ఎక్కువ బాధనిపించింది. బండి బాగయ్యేసరికి నడిపే మనిషికి ఓపిక లేకపోతే?

ఆ రోజు మెకానిక్‌తో కూర్చుని మిగిలిన పనులన్నీ కాగితంమీద రాశాం. వాటిని మూడు రకాలుగా విడదీయమన్నాడు ఆయనే. చేయకపోతే ప్రమాదం తెచ్చేవి మొదటివి. ఎటూ విప్పాం కాబట్టి ఇప్పుడైతే చవగ్గా అయ్యేవి రెండోవి. ఆశకొద్దీ చేయించుకునేవి మూడోవి. ''మొదటివి ఆపగూడదు సార్. రెండోవి ఆలోచించల్ల. మూడోవి మాత్రం ఇంటికి పోయి పండుకుని, పొద్దున లేసినాక చెప్పండి'' అన్నాడు.

క్రోమ్ పూత, కొత్త సీటు, రెండు రంగుల పెయింటు... మూడో వరుసలో పద్దెనిమిది వేల పనులు తేలాయి. అన్నీ నా కోరికలే! నాన్నను అడిగితే ఒక్క మాటలో తేల్చేశాడు.

''నాకు బండి కావాల్రా, పెండ్లికొడుకు గాదు.''

మూడో వరుస కొట్టేశాం. చివరి లెక్క ఇది: ఇంజిన్‌కి 14,500 రూపాయలు, రేకు పనికి 9,000, రంగుకి 7,500, టైర్లు, వైరింగు, కేబుళ్లు, చిల్లర సామాన్లకి 10,000.

పద్నాలుగో నెలలో బండి ఇంటికొచ్చింది. పాత రంగే, పాత సీటే. నాన్న చేత్తో హ్యాండిల్ తడిమాడు. బండిని కాస్త ఇంజిన్ వైపు ఒరగదీసి, మళ్లీ నిలబెట్టి, కిక్కు కొట్టాడు. ఒకటి... రెండు... మూడో కిక్కుకి స్టార్టయింది! అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చింది.

రిజిస్ట్రేషన్ కాగితాలు ఇంకా రాలేదు కాబట్టి రోడ్డెక్కలేదు. గేటు లోపలే అరుగు దగ్గర్నుంచి బావి దాకా, బావి దగ్గర్నుంచి అరుగు దాకా నడిపాడు. అంతే. దిగి, ముందున్న డిక్కీ తెరిచి నాకు చూపించాడు. లోపల వరద నీళ్లు నిలిచినచోట సన్నటి బురద గీత. రంగు వేసేటప్పుడు దాన్ని చెరపొద్దని పెయింటర్‌కి తనే చెప్పాడట.

''అది ఉండనీలే. దాని వయసు దానికి తెలియల్ల గదా!''

షెడ్డుకు తోసే ముందు...

* ముందు కాగితాలు చూడండి. సొంత వాహనాల ఆర్‌సీ గడువు 15 ఏళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. పాత పుస్తకం ఆర్‌సీ అయితే వివరాలు కంప్యూటర్లోకి ఎక్కాయో లేదో రవాణా కార్యాలయంలో కనుక్కోండి.

* ఇరవై ఏళ్లు దాటిన వాటి పునరుద్ధరణ రుసుమును కేంద్రం 2025 ఆగస్టులో పెంచింది. ద్విచక్ర వాహనానికి 2,000, కారుకు 10,000 రూపాయలు. దీన్ని కూడా ఖర్చులో కలుపుకోండి.

* యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్నవాటికి 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 'వింటేజ్' రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల గడువు. అయితే వాటిని రోజూ తిప్పడానికి వీల్లేదు.

* తుప్పు గీకేటప్పుడు ఇంజిన్, ఛాసిస్ నంబర్లు చెరిగిపోకుండా చూసుకోండి. ముందే ఫొటోలు తీసి పెట్టుకోండి.

* విప్పిన ప్రతి భాగాన్నీ ఫొటో తీయండి. నట్లూ బోల్టులూ వేర్వేరు డబ్బాల్లో వేసి పేర్లు రాయండి. ఆరు నెలల తర్వాత ఎవరికీ ఏదీ గుర్తుండదు.

* మెకానిక్ చెప్పిన ఖర్చుకి రెండింతలు చేతిలో ఉంటేనే మొదలుపెట్టండి. బండంతా విప్పి చూడనిదే అసలు లెక్క తేలదు.

* అన్నిటికంటే ముందు, బండి ఎవరికోసమో వాళ్లనే అడగండి... ఏం కావాలో!