పోపు వాసన, పులస చేప, బాతెల్ భోజనాలు

కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీలో చదువుకునే రోజుల్లో, ప్రసూతి విభాగం ఓ.పి.లో కూర్చుని, వేవిళ్ళతో వచ్చిన ఆడవాళ్ళకి "కొంచెం కొంచెంగా, రోజుకి ఐదారుసార్లు తినమ్మా" అని చెప్పి పంపేసేదాన్ని. ఆ మాట చెప్పడానికి నాకు అర నిమిషం పట్టేది. అదెంత కష్టమైన పనో బాతెల్‌లో మా అపార్టుమెంటు వంటింట్లో నిలబడ్డాక గాని తెలిసి రాలేదు.

నాకు ఏడో వారంలో పోపు పడకుండా పోయింది. ఆవాలు చిటపటలాడితే చాలు, కడుపులో దేవినట్లయ్యేది. ఇక్కడి ఇళ్ళలో కిటికీలు తీస్తే చలి, మూస్తే ఇంగువ వాసన మూడు రోజులు కార్పెట్టులోనే కాపురం. మా వారికి వచ్చిన వంట రెండే రకాలు, రెండింటికీ పోపు కావాలి. చివరికి ఆయనే, "పద, ఎక్కడైనా బయట తిందాం. వాసన వాళ్ళింట్లోనే ఉంటుంది" అన్నారు. మా బాతెల్ భోజన యాత్ర అలా మొదలైంది.

ఈ ఊరు తెలియనివారికి రెండు మాటలు. సియాటిల్‌కి ఈశాన్యంగా, సమామిష్ నది ఒడ్డున ఉంటుంది. 1909లో పురపాలక పట్టణమైంది. ఊరు సగం కింగ్ కౌంటీలో, సగం స్నోహోమిష్ కౌంటీలో ఉంది. మనవాళ్ళ గుడి ఉంది, పప్పులూ బియ్యమూ దొరుకుతాయి. లేనిదల్లా అమ్మ.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇది నాకు మొదటి కానుపు కాదు. రెండేళ్ళ క్రితం తొమ్మిదో వారంలో ఒకటి పోయింది. ఆ రాత్రి ఫోనులో ఒక పెద్దావిడ పరామర్శిస్తూ, "బొప్పాయి ఏమైనా తిన్నావా తల్లీ?" అని అడిగారు. ఆవిడ ప్రేమతోనే అడిగారు. కాని ఆ ప్రశ్న నాలో ముల్లులా ఉండిపోయింది. మొదటి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండం క్రోమోజోముల లోపం వల్లనే పోతాయని నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయినా ఆ నెల అంతా ఏం తిన్నానో కాగితం మీద రాసుకుని కూర్చున్నాను. చదువు ఒకచోట, భయం ఇంకోచోట ఉంటాయి కాబోలు.

అందుకని ఈసారి హోటల్లో కూర్చుంటే పరిచారికకి క్రాస్ ఎగ్జామినేషనే. ఈ జున్ను కాచిన పాలదేనా? ఈ మాంసం లోపలిదాకా ఉడికిందా? ఒకరోజు మా వారు, "నువ్వు చదువుతున్నది మెనూయా, పోస్టుమార్టం రిపోర్టా?" అన్నారు. నవ్వబోయి ఏడ్చేశాను. ఆయన బిల్లు కట్టేసి, తినని ప్లేట్లు పొట్లం కట్టించుకుని, నన్ను కారులో కూర్చోబెట్టారు. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తరువాత ఆయనే, "ఆ రోజు నువ్వేమీ చేయలేదు. ఇవాళ కూడా నువ్వేమీ చేయటం లేదు. ఆకలిగా ఉందా?" అని అడిగారు. ఉంది.

ఆ పక్క వీధిలోనే ఒక వియత్నాం వాళ్ళ చారు హోటలు కనిపించింది. పొగలు కక్కే ఫో గిన్నె వచ్చింది. అల్లం, దాల్చినచెక్క, అనాసపువ్వు వేసి మరిగించిన నీళ్ళు, పోపు లేదు. పక్కన నిమ్మకాయ. మూడు వారాల తర్వాత గిన్నె ఖాళీ చేశాను. గల్లాపెట్టె దగ్గరి పెద్దావిడ నా వంక చూసి, ఏమీ అడగకుండా ఇంకొక గరిటె చారు పంపించింది. ఏ దేశమైనా అమ్మమ్మలకి చెప్పక్కరలేదు.

అప్పటినుంచి భయాన్ని పక్కన పెట్టి నియమాలు పెట్టుకున్నాను. ఇక్కడ నాకింకా ప్రాక్టీసు లైసెన్సు లేదు గనుక వీటిని ఇరుగింటి మాటలుగా తీసుకోండి. మీ డాక్టరు చెప్పిందే ఆఖరి మాట.

ఫోలో పచ్చి మొలకలు వేసుకోకండి, లేదా మరిగే చారులో బాగా ఉడకనివ్వండి. మాంసం పూర్తిగా ఉడికించమని చెప్పండి. 1993లో ఈ వాషింగ్టన్ రాష్ట్రంలోనే సరిగా ఉడకని హాంబర్గర్ల వల్ల వందలమంది జబ్బుపడ్డారు, పసిపిల్లలు చనిపోయారు. 1996లో పాశ్చరైజ్ చేయని ఆపిల్ రసం వల్ల మళ్ళీ అదే క్రిమి వచ్చింది. కనుక తోటల దగ్గర అమ్మే రసం కొనేముందు సీసా మీది చీటీ చదవండి. చల్లటి కోత మాంసం పొగలు వచ్చేదాకా వేడి చేయించండి. పచ్చి ఆయిస్టర్లు, పచ్చి చేప సుషీ కానుపయ్యాక తినవచ్చు. కాఫీ మానక్కరలేదు, రోజుకి 200 మిల్లీగ్రాముల కెఫీన్ దాటకుండా ఉంటే చాలు. బాగా పండిన బొప్పాయి వల్ల ప్రమాదమని రుజువు లేదు. అనుమానమంతా పచ్చికాయ పాల మీదనే.

టెరియాకీ ఈ ప్రాంతపు ఇడ్లీ-సాంబారు వంటిది. 1976లో తోషి కసాహారా అనే జపనీయుడు సియాటిల్‌లో మొదలుపెట్టిన పద్ధతి అది. బాగుంటుంది గాని పాకం తీపి, కింద గుట్టెడు తెల్లన్నం. మన దక్షిణాసియా స్త్రీలకి గర్భంలో మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువ. 24-28 వారాల మధ్య ఇచ్చే 50 గ్రాముల గ్లూకోజు పరీక్ష తప్పించుకోకండి. నేను అన్నం సగం మా వారి ప్లేటులోకి తోసేదాన్ని. పరీక్ష నేను గట్టెక్కాను, ఆయన నడుము గట్టెక్కలేదు.

ఇక సాల్మన్. పాదరసం తక్కువ, పిల్లల మెదడుకి మంచి కొవ్వు ఎక్కువ. వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి 4 ఔన్సుల చొప్పున తినవచ్చు. సొరచేప, స్వార్డ్ ఫిష్, మన వంజరానికి చుట్టమైన కింగ్ మాకరెల్ మాత్రం వద్దు. సాల్మన్ తిన్నప్పుడల్లా నాకు పులస గుర్తొస్తుంది. వరద గోదావరికి ఎదురీది వచ్చే ఆ చేప కోసం పుస్తెలైనా అమ్మవచ్చంటారు మావైపు. సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, పుట్టిన ఏటి నీళ్ళ వాసన పట్టుకుని, గుడ్లు పెట్టడానికి వెనక్కి వస్తుంది. ఈ శరత్తులో బాతెల్ లాండింగ్ పార్కు దగ్గర నది ఒడ్డున నిలబడి, "చేపలు కూడా పురిటికి పుట్టింటికి వెళ్తాయండీ" అన్నాను. మా వారు జవాబు చెప్పలేదు. నా చెయ్యి పట్టుకున్నారు.

నేను వెళ్ళటం లేదు. ఇప్పుడు ముప్పై రెండో వారం. అమ్మ వీసా ఇంటర్వ్యూ వచ్చే నెల. వస్తే చలిమిడి, గాజులతో వస్తుంది. రాకపోతే చారు హోటలు పెద్దావిడ ఉంది, మీరంతా ఉన్నారు.

ఆ ధైర్యంతోనే ఒక మనవి. మన సంఘంలో ఎవరైనా అమ్మాయి నెల తప్పిందని తెలిస్తే, ఆమె ఇంటికి వేడిగా ఏదైనా పంపండి. పోపు పెట్టాలా వద్దా అని ముందు అడగండి. ఎవరికైనా కడుపు పోయిందని తెలిస్తే, ఏం తిన్నావని మాత్రం అడగకండి.

మొన్న ఆదివారం మా వారు భయపడుతూనే చారుకి ఇంగువ పోపు పెట్టారు. నేను ముందుగదిలోంచి లేచి వంటింట్లోకి వెళ్ళాను. వాసన బాగుంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.