సగటు చెప్పని సంగతి: వానల తీరును బట్టే సాగునీటి లెక్కలు

దేశంలో ఏడాది పొడవునా కురిసే వర్షంలో దాదాపు నాలుగింట మూడొంతులు జూన్ నుంచి సెప్టెంబరు వరకు, నైరుతి రుతుపవనాల కాలంలోనే పడుతుంది. 1971–2020 మధ్య రికార్డుల ఆధారంగా ఈ నాలుగు నెలల దీర్ఘకాలిక సగటును భారత వాతావరణ శాఖ 87 సెంటీమీటర్లుగా నిర్ధారించింది. ఈ సగటులో 96 నుంచి 104 శాతం మధ్య కురిస్తే దానిని ‘సాధారణ’ వర్షపాతంగా పరిగణిస్తారు. ఏటా ఏప్రిల్‌లో తొలి అంచనా వెలువడగానే అందరి దృష్టీ ఈ అంకె మీదికే మళ్లుతుంది. అయితే విత్తనం వేయాల్సిన రైతుకు గానీ, కాలువకు నీరు వదలాల్సిన ఇంజినీరుకు గానీ ఆ ఒక్క అంకెతో తెలిసేది తక్కువే.

2023 ఇందుకు తగిన ఉదాహరణ. ఆ సీజను మొత్తానికి 94 శాతం వర్షం నమోదైంది. లోటు ఆరు శాతమే కదా అనిపిస్తుంది. కానీ జులైలో సగటును మించి కురిసిన వాన, ఎల్‌నినో బలపడుతున్న వేళ, ఆగస్టులో ముఖం చాటేసింది. ఆ నెలలో లోటు 36 శాతం. 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అంతటి పొడి ఆగస్టు మరొకటి లేదు. వరి పిలకలు వేసే, వేరుశనగ ఊడలు దిగే సమయంలో వచ్చిన ఆ బెట్టను సెప్టెంబరు వానలు పూడ్చలేవు. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు ఆ ఏడాది నిండలేదు. మరుసటి ఏడాది 108 శాతం వర్షంతో పరిస్థితి తలకిందులైంది. ఆగస్టు ఆరంభంలోనే సాగర్ గేట్లు ఎత్తగా, సెప్టెంబరు మొదట్లో మున్నేరు వరద ఖమ్మాన్ని, బుడమేరు వరద విజయవాడను ముంచెత్తాయి.

మెట్ట రైతుకు తొలి పరీక్ష జూన్‌లోనే ఎదురవుతుంది. మృగశిర కార్తెలో ఒక మంచి జల్లు పడగానే పత్తి విత్తడం, ఆపై పది పదిహేను రోజులు చినుకు లేక మొలక మాడిపోవడం, మళ్లీ విత్తనం కొనడం తెలుగు పల్లెలకు కొత్త కాదు. అందుకే తేలిక నేలల్లో 50–60 మిల్లీమీటర్లు, బరువు నేలల్లో 60–75 మిల్లీమీటర్ల వర్షం పడి నేల బాగా తడిసిన తర్వాతే విత్తాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు పదే పదే సూచిస్తుంటారు. అప్పు తెచ్చిన రైతుకు ఆగడం అంత తేలిక కాదన్నది వేరే సంగతి.

కాలువ కింద సాగు లెక్క మరో రకంగా ఉంటుంది. నల్గొండలో ఎంత వాన పడిందన్నది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు భవితవ్యాన్ని తేల్చదు. కృష్ణానదికి ప్రధానంగా నీరు వచ్చేది పశ్చిమ కనుమల నుంచి. ఆ నీరు ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం దాటుకుని సాగర్‌కు చేరాలి. ఎగువ జలాశయాలు నిండటం ఆలస్యమైతే దిగువన నారుమళ్లు ఆగస్టుకు జరుగుతాయి. ఆ వరి కోతకు వచ్చేది తుపాన్ల కాలంలో. నవంబరులో పనలపై ఉన్న పంట తడిసిపోతే రైతుకు జరిగే నష్టానికి బీజం నిజానికి జులైలోనే పడి ఉంటుంది.

గోదావరి నడక వేరు. బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనాలతో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పొంగి, జులైలోనే ధవళేశ్వరం వద్ద వరద సముద్రంలోకి పోతుంటుంది. ఈ తేడాను ఆసరాగా చేసుకున్నదే పట్టిసీమ ఎత్తిపోతల. గోదావరి వరద రోజుల్లో నీటిని పోలవరం కుడి కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి తరలించి, కృష్ణా డెల్టాలో నాట్లు త్వరగా పడేలా చూడటం దాని ఉద్దేశం.

నదుల్లో ఎంత నీటిని నమ్ముకోవచ్చన్న ప్రశ్నకు ప్రణాళికాకర్తలు ‘విశ్వసనీయత’ అనే కొలత వాడతారు. కృష్ణా జలాలపై బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలను లెక్కగట్టి పంచింది. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు ఆ మేరకు నీరు వస్తుందని అర్థం. నాలుగో ఏడాది రాకపోవచ్చని కూడా అందులోనే ఉంది. కానీ ఆయకట్టును మాత్రం ఏటా నీరు వస్తుందన్న ఆశతోనే సాగుచేస్తారు.

నీరు తగ్గిన ఏడాది ఏ పంట వేశామన్నది నిర్ణాయకమవుతుంది. వరికి సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే ఎకరాకు 48 లక్షల లీటర్లకు పైగా అవుతుంది. ఒక టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. కాలువల్లో నష్టాలను, పొలంపై పడే వానను పక్కన పెడితే అది 5,800 ఎకరాల వరికి సరిపోతుంది. 600 మిల్లీమీటర్లతో గట్టెక్కే ఆరుతడి పంటలైతే విస్తీర్ణం రెట్టింపవుతుంది. సీజను మధ్యలో ఈ మార్పు సాధ్యం కాదు. నారు పోసిన తర్వాత చేసే ప్రకటనకు విలువ లేదు. హైదరాబాద్‌లోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ జిల్లాలవారీగా రూపొందించిన ప్రత్యామ్నాయ ప్రణాళికల్లో రుతుపవనాలు ఎన్ని వారాలు ఆలస్యమైతే ఏ పంట, ఏ రకం వేయాలన్న సూచనలున్నాయి. ఆ విత్తనాలు సమయానికి మండలాలకు చేరినప్పుడే అవి అక్కరకొస్తాయి.

జలాశయం నిర్వహణలో అసలు చిక్కు సీజను చివరన వస్తుంది. నిండుగా ఉంచితే రబీకి భరోసా, కానీ వరదకు చోటుండదు. 2009లో నైరుతి సీజను దేశవ్యాప్తంగా 78 శాతంతో, తీవ్ర కరవుతో ముగిసింది. ఆ వెంటనే అక్టోబరు మొదటి రోజుల్లో కురిసిన కుండపోతకు శ్రీశైలానికి దాదాపు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం వచ్చింది. ఆనకట్టను రూపొందించింది సుమారు 19 లక్షల క్యూసెక్కులకే. కర్నూలు నగరం నీట మునిగింది. కరవు భయంతో నీటిని పొదుపు చేసుకునే ఏడాదిలోనే అది జరిగింది.

ప్రతి గురువారం వాతావరణ శాఖ విడుదల చేసే నాలుగు వారాల అంచనాలు ఇలాంటి నిర్ణయాలకు కొంత ఊతమిస్తున్నాయి. అయితే అన్ని ప్రాంతాలకూ ఒకే క్యాలెండర్ సరిపడదు. నెల్లూరు జిల్లాకు అధిక వర్షం ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు–డిసెంబరులో పడుతుంది. అక్కడ వరికి ప్రధాన సీజను రబీయే. సెప్టెంబరు 30న దేశం వర్షపు లెక్కలు ముగించే వేళకు సోమశిల కింద రైతు ఇంకా ఆకాశం వైపు చూస్తూనే ఉంటాడు.